ఏకదోషం

శ్రావణ బహుళ తదియ

ఈ రోజు విద్యాపీఠంలో చేరాను. వయసు డెబ్బై ఒకటి. సముద్రపు గోడల శాఖ జమాఖర్చులు ముప్ఫై నాలుగేళ్ళు తనిఖీ చేశాను. పదవీ విరమణ తరువాత ఆరేళ్ళు ఖాళీగా కూర్చున్నాను. ఆ ఖాళీ భరించలేక వచ్చాను. జంటలో పెద్దవారు దినచర్య రాయాలని ఇక్కడి నియమం. ఉప్పుగాలికి కాగితం నిలవదు కనుక తుప్పు పట్టని రేకుల మీద రాస్తున్నాను.

గేటు దగ్గర నా తోడును చెవిలోంచి తీసి పెట్టెలో పెట్టించారు. ఏది అడిగినా జవాబు చెప్పే వస్తువు ఇరవై ఏళ్ళుగా చెవిలోనే ఉండిపోయింది. తీయగానే ఆ చెవిలోకి గాలి చల్లగా దూరింది.

"ఇక ఏదన్నా సందేహం వస్తే ఎట్టా మామ్మగారూ?" అన్నాడు గేటు మనిషి, రసీదు ఇస్తూ.

"పక్కనున్న మనిషిని అడుగుతాను."

"అయితే సగం చదువు అయిపోయినట్టే లెండి."

గది పద్దెనిమిది. రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక నీళ్ళ కుండ. నా జంట పేరు నాంచారమ్మ, ఇరవై మూడేళ్ళ పిల్ల. ఈ కాలంలో పిల్లలందరికీ ఇలాంటి పేర్లే పెడుతున్నారు. నా పేరు జోషిత అని చెప్పగానే ఫక్కున నవ్వింది.

"ఏమీ అనుకోకండి. అంత పాతకాలం పేరు మా ఊళ్ళో ఎవరికీ లేదు. మా తాతమ్మ పేరు హన్సిక."

నేను నవ్వలేదు. పెద్దవాళ్ళ పేరు విని నవ్వకూడదని చెప్పాను. వెంటనే ముఖం సర్దుకుంది. తరువాత తన మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక మాట ముందే చెప్పాలంది.

"నాకిది మూడో జంటండీ. రెండు జంటలు విరిగిపోయినై. పెద్దవాళ్ళు ఎన్నిసార్లయినా జంట కట్టొచ్చు, మాకు మూడే. పెద్దవాళ్ళు తక్కువ, మేము ఎక్కువ కదా. ఇది కూడా విరిగితే నేను ఇక 'ఈ గోడ నిలుస్తుంది' అని గోడ మీద సంతకం పెట్టటానికి లేదు, ఎప్పటికీ."

"ఎందుకు విరిగాయి?"

"ఏకదోషం" అంది. లేచి కుండ మీద మూత సర్దింది.

నీళ్ళు: వచ్చినవి పద్దెనిమిది లీటర్లు, వాడినవి పదిహేడు, నిల్వ ఒకటి. ఇద్దరికీ కలిపి.

శ్రావణ బహుళ ఏకాదశి

పిల్ల చురుకైనది. పొద్దున్నే లేస్తుంది. కుండలో నీళ్ళు వడపోసి, ఉప్పు పట్టిన దుప్పట్లు దులిపి, నేను స్నానం చేసి వచ్చేసరికి పలకలు రెండూ కడిగి బల్ల మీద పెడుతుంది. చేసేది ఏదైనా మధ్యలో వదలదు. ఎండుచేపల వాసన ఒక్కటే నాకు ఇబ్బంది. కిటికీ బయట పొయ్యి పెట్టుకుని వండుకోమన్నాను. సరేనంది.

లెక్కల విషయంలో నా పద్ధతి మొదటి రోజే చెప్పాను. వచ్చిన నీరు ఒక పక్క, పోయిన నీరు ఒక పక్క, నిల్వ అడుగున. ప్రతి అంకె కిందా గీత. తప్పు చేస్తే ఎర్ర సుద్దతో చుట్టి మూడుసార్లు తిరిగి చేయించటం. నా దగ్గర పనిచేసిన గుమస్తాలందరూ ఇలాగే నేర్చుకున్నారు. నాంచారమ్మ మొదటి నాలుగు రోజుల్లో పద్నాలుగు ఎర్ర చుట్లు తిన్నది, తరువాతి నాలుగు రోజుల్లో రెండు.

సాయంత్రం గోడ మీద నడిచాం. నేల మట్టం కన్నా సముద్రం పైన ఉండటం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే, కానీ గోడ మీద నిలబడి రెండు పక్కలా చూస్తే ఇప్పటికీ నడక ఆపేస్తాను. అటు అలలు, ఇటు వాటి కన్నా కిందుగా ఇళ్ళ కప్పులు.

"మా గవ్వలంక గోడ మీద పద్నాలుగు జంటల సంతకాలున్నయ్యండీ" అంది నాంచారమ్మ. "అందులో మా ఊరోళ్ళది ఒక్కటీ లేదు. ఎవరో పడవలో వస్తారు, కొలుస్తారు, సంతకం పెడతారు, మజ్జిగ తాగి పోతారు. వాళ్ళు చెప్పింది నమ్మి మేము పడుకుంటాం."

"వాళ్ళు తప్పు చెప్పారా ఎప్పుడైనా?"

"లేదండీ. కానీ పడుకునేది మేము కదా."

భాద్రపద శుద్ధ పంచమి

అంకె కింద గీత నాలాగే రెండుసార్లు గీస్తోంది. తువ్వాలు నాలాగే నాలుగు మడతలు పెడుతోంది. నిన్న పక్క గది ఆయన లెక్క చూసి "ఇందులో క్రమం లేదు" అంది. అది నా మాట, నా గొంతు కూడా. ఆయన నావైపు చూసి, "జోషితగారూ, మీరు అదృష్టవంతులు. మావాడు నేను ఎడమంటే కుడంటాడు" అన్నాడు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

ఈ రోజు మొదటి దూరం చూశారు. జంటలో ఇద్దరికీ ఒకే సమస్య ఇచ్చి వేరు వేరు గదుల్లో కూర్చోబెడతారు. జవాబు ఒకటేనా కాదా అన్నదానికి మార్కులు తక్కువ. ఇద్దరూ ఎన్ని మెట్ల దగ్గర వేరు వేరు దారుల్లో నడిచారో లెక్కపెడతారు. కనీసం ఆరు ఉండాలి. మాకు ఒకటి వచ్చింది. అది కూడా నాంచారమ్మ సుద్ద విరిగి ఒక మెట్టు వదిలేసినందువల్ల.

మా ఆచార్యుడు ఖాసింవలి గారు నన్ను ఒక్కదాన్నే పిలిచారు. నా కన్నా పాతికేళ్ళు చిన్న. మాట మెత్తన.

"అమ్మా, గోడ తెగిన ఏడు మీకు గుర్తుండే ఉంటుంది."

గుర్తుంది. ఎవరికి ఉండదు.

"ఆ గోడ మీద పదకొండు సంతకాలున్నాయి. పదకొండు మంది ఇంజనీర్లు, ఎవరికి వారు తమ తోడును అడిగారు. అన్ని తోడులూ ఒకే పొరపాటు చేశాయి. అంటే ఆ గోడ మీద నిజంగా ఉన్నది ఒక్క సంతకమే. అందుకే ఇప్పుడు ఇద్దరిని పెడుతున్నాం, మధ్యన రెండు తరాల ఎడం ఉండేట్టు చూసి. ఒకరికి కనబడనిది ఇంకొకరికి కనబడాలని. మీ ఇద్దరూ ఒకే మనిషి అయిపోతే నేను మళ్ళీ తోడు మీద గోడ కట్టినట్టేనమ్మా."

"నేను ఆ పిల్లకి క్రమం నేర్పుతున్నాను" అన్నాను.

"బాగా నేర్పుతున్నారు. అదే భయం."

భాద్రపద పౌర్ణమి

మధ్య పరీక్ష అయింది. ఏకదోషం.

సమస్య కష్టమైనది కాదు. పాయ మీద తూము తలుపు ఎప్పుడు మూయాలో చెప్పాలి. నేను సముద్రపు మొగ దగ్గర పోటు వచ్చే సమయం తీసుకున్నాను. ఆ పోటు పాయలో ఎదురెక్కి తూము దాకా రావటానికి పట్టే ఆలస్యం కలపటం మరచిపోయాను. ఇలాంటి తప్పు నేను చేస్తానని ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు. వేరే గదిలో కూర్చున్న నాంచారమ్మ కూడా సరిగ్గా అదే మెట్టు దగ్గర, అదే ఆలస్యం కలపలేదు. ఇద్దరం వేరు వేరుగా తప్పు చేసి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకే చోట ఒకే తప్పు చేసినందుకు రెండు పలకలనూ పక్కపక్కన గోడకు తగిలించి అందరికీ చూపించారు.

కార్తీక పౌర్ణమికి చివరి పరీక్ష. అప్పుడు కూడా ఇదే జరిగితే నేను వచ్చే ఏడాది ఇంకో జంటతో కూర్చోవచ్చు. నాంచారమ్మకు ఇంకో ఏడాది లేదు.

గదికి వచ్చాక ఆమె బియ్యం కడిగింది. కడిగిన నీళ్ళు మొక్కకు పోసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం వరండా ఫోనులో మనవరాలు అచ్చమ్మ మాట్లాడింది. దానికి పదేళ్ళు.

"అమ్మమ్మా, నువ్వు ఫెయిలయ్యావంట! అమ్మ చెప్పింది. ఇంపోజిషన్ రాయిస్తారా నీతో?"

"ఫోను మీ అమ్మకివ్వు" అన్నాను.

భాద్రపద బహుళ షష్ఠి

నాంచారమ్మను కూర్చోబెట్టి చెప్పాను. ఈ రోజు నుంచి ప్రతి లెక్కలో కనీసం మూడు చోట్ల నాతో విభేదించాలి. ఇది నా ఆజ్ఞ.

"సరేనండీ మామ్మగారూ" అంది.

సాయంత్రానికి మూడు చోట్ల విభేదించింది. మూడూ ఎక్కడెక్కడ విభేదించాలో పొద్దున నన్నే అడిగి రాసుకుంది.

భాద్రపద బహుళ ద్వాదశి

ఖాసింవలి గారి దగ్గరకు నేనే వెళ్ళాను. నాంచారమ్మతో ఇంతకు ముందు జంట కట్టిన పెద్దవాళ్ళు ఎవరని అడిగాను. ఒకరు విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, రెండోవారు ఓడరేవులో లైసెన్సులిచ్చే అధికారిణి.

"వాళ్ళిద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారు?"

"వేరే జంటలతో పాసయ్యారు. గోడల మీద పనిచేస్తున్నారు."

"అంటే ఆ పిల్ల రెండేళ్ళు పోగొట్టుకుంది, వాళ్ళు పట్టాలు పుచ్చుకున్నారు."

"అవును."

"ప్రధానోపాధ్యాయుడు, అధికారిణి, తనిఖీదారు. ముగ్గురికి ముగ్గురం జీవితమంతా ఎదుటివాళ్ళ చేత ఔననిపించుకున్నవాళ్ళమే. ఆ పిల్లకి ఇలాంటివాళ్ళనే ఎందుకు వెతికి కట్టబెట్టారు?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ వయసులో చదువుకి వచ్చేది ఎక్కువగా అలాంటివాళ్ళేనమ్మా. ఎవరితోనైనా ఇట్టే సర్దుకుపోయేవాళ్ళు హాయిగా ఇంట్లోనే ఉంటారు."

చిన్నవాళ్ళకు మూడే జంటలన్న నియమం మార్చాలని పాలకమండలికి అర్జీ పెట్టాను. రెండు రేకులు, ఏడు కారణాలు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. వరుసలో నాలుగు వందల మంది చిన్నవాళ్ళు ఒక్క జంట కూడా దొరక్క ఎదురుచూస్తున్నారట. దానికి నా దగ్గర ఎనిమిదో కారణం లేదు.

ఆశ్వయుజ శుద్ధ చవితి

ఈ రోజు స్నానాల గదిలో నీళ్ళు రాలేదు. సగంలోనే తిరిగి వచ్చాను. నాంచారమ్మ కిటికీ దగ్గర వెనక్కి తిరిగి కూర్చుని పలక మీద పని చేస్తోంది. నా అడుగుల చప్పుడు వినలేదు.

పలక నిండా చిన్న చిన్న గడపలు గీసి ఉన్నాయి. ఒక్కొక్క గడప పక్కన ఒక పేరు. 'సైదులు బాబాయి', 'బడి', 'బాలింత ఇల్లు'. వాటి మధ్య నుంచి నీరు పోయే దారి పాములాగా వంకర తిరిగింది. అడుగున ఒక అంకె. ఆమె ఆ అంకెను కాసేపు చూసింది. తరువాత తడిగుడ్డ తీసుకుని పలకంతా శుభ్రంగా తుడిచి, నిలువుగా గీత గీసి, ఒక పక్క వచ్చిన నీరు, ఒక పక్క పోయిన నీరు అని మొదలుపెట్టింది.

"ఆగు" అన్నాను.

సుద్ద కింద పడింది.

"ఎందుకు తుడిచావు?"

"ఊరికేనండీ. చెత్తగా ఉంది."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా రెండుసార్లు చేస్తున్నావు?"

తలుపు వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాను. కింద పడిన సుద్ద తీసి ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"మొదటి నుంచీనండీ. ముందు నాకు తోచినట్టు చేస్తాను. నాకు అట్టా ఇళ్ళు కనపడితేగానీ నీళ్ళు కనపడవు. తరవాత మీకు నచ్చేట్టు మార్చి రాస్తాను. నా దారిలో తప్పులొస్తాయి మామ్మగారూ. మీరు ఊరుకోరు."

"మధ్య పరీక్షలో కూడానా? అప్పుడు నేను పక్కన లేను కదా."

తల వంచుకుంది. "పాయలో ఆలస్యం కలిపానండీ ముందు. మా గవ్వలంక పాయలో పడవ ఎక్కినోళ్ళకి ఎవరికైనా తెలుస్తది అది. కలిపాక అనిపించింది, మామ్మగారైతే ఇది వెయ్యరేమో, నాదే తప్పేమోనని. తుడిచేశాను."

నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. ఆ రోజు ఆమె తుడవకుండా ఉంటే మేం గట్టెక్కేవాళ్ళం. నేను వేరే గదిలో, తలుపు వేసుకుని, నోరు విప్పకుండా కూర్చుని కూడా ఆమె చేత తుడిపించాను.

ఓదార్చటం నాకు చేతకాదు. నియమం పెట్టటం చేతనవును. ఈ రోజు నుంచి ఈ గదిలో తప్పు చేస్తే శిక్ష లేదు, తుడిస్తే శిక్ష అని చెప్పాను. ఎర్ర సుద్ద తన పెట్టెలో పెట్టి తాళం వేసుకోమన్నాను.

"తుడిస్తే ఏం శిక్షండీ?"

"వారం రోజులు ఎండుచేప బంద్."

మొదటిసారి నా ఎదురుగా గట్టిగా నవ్వింది. "అమ్మో, అయితే తుడవను."

ఆశ్వయుజ పౌర్ణమి

ఖాసింవలి గారితో ఒప్పందం: చివరి పరీక్ష దాకా నేను పాఠం చెప్పకూడదు. అడగటమే. నాంచారమ్మ నాకు చెప్పాలి.

నా జీవితంలో ఇంత నెమ్మదిగా ఏ లెక్కా జరగలేదు. నిన్న చిన్న పల్లె ఒకటి తీసుకుని గోడకు చిల్లు పడితే నీరు ఎటు పోతుందో చూద్దామంది. నేను మొత్తం ఎన్ని ఘనపుటడుగులు అని అడిగాను. "అది తరవాత చూద్దారండి" అని నన్ను పడవ ఎక్కించి ఆ పల్లెకే తీసుకుపోయింది. ఇంటింటి ముందూ ఆగింది. గడప ఎత్తు చూసింది. ఇంట్లో ఎవరున్నారు, మంచం ఎత్తెంత, ముసలివాళ్ళు ఎటు పక్క పడుకుంటారు అని అడిగింది. ఒక ఇంటివాళ్ళు మాకు జామకాయలు పెట్టారు. నేను కాళ్ళు నొప్పులని చెప్పి అరుగు మీద కూర్చున్నాను.

"ఇదంతా లెక్కలో ఎక్కడ వస్తుంది?" అన్నాను విసుగ్గా.

"ఇదే లెక్కండీ."

"ఇది సంసారం."

"మరి నీళ్ళు వచ్చేది సంసారం మీదికేగా మామ్మగారూ!"

తిరిగి వచ్చాక ఆమె చేసిన కూడికలో రెండు తప్పులు కనబడ్డాయి. చెయ్యి ఎర్ర సుద్ద కోసం తడుముకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "ఈ వరుస నాకు అర్థం కాలేదు, ఎలా వచ్చింది?" అని అడిగాను. చెబుతూ చెబుతూ తనే ఒకటి పట్టుకుంది. రెండోది పట్టుకోలేదు. నేను చెప్పలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఈ నెల దూరం: నాలుగు.

నీళ్ళు: వచ్చినవి పద్దెనిమిది, వాడినవి పద్దెనిమిది.

కార్తీక శుద్ధ ద్వాదశి

దూరం ఏడు. ఖాసింవలి గారు రేకు నా చేతికిచ్చారు. నాంచారమ్మ వరండా అంతా ఒంటికాలి మీద గెంతింది.

గాలివాన వస్తోందని కబురు. సరిగ్గా పౌర్ణమి పోటుకే. పరీక్ష వాయిదా వేస్తారేమోనని అడిగితే, వాయిదా కాదు, అదే పరీక్ష అన్నారు. ఏడో ఖండం గోడ వెనక మూడు వీధులున్నాయి: వలల వీధి, బడి వీధి, మసీదు వీధి. ఎవరిని ఖాళీ చేయించాలో మా జంట చెప్పాలి. చెప్పిందే అమలవుతుంది. అవసరం లేకుండా కదిలిస్తే వానలో మూడు వందల మంది. కదిలించాల్సినవాళ్ళని కదిలించకపోతే ఏమవుతుందో రాయనక్కర్లేదు.

మధ్యాహ్నం ఆ మూడు వీధులూ ఇంటింటికీ తిరిగి చూసి వచ్చిన నాంచారమ్మ ఈ పూట సరిగా తినలేదు.

"తప్పు చెబితేనో?" అంది.

"నీ తప్పు నువ్వు చెప్పు. నా తప్పు నేను చెబుతాను" అన్నాను. ధైర్యం చెప్పటానికి నాకు ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

కార్తీక పౌర్ణమి

పొద్దున ఇద్దరికీ ఒకే అంకెలు ఇచ్చి వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టారు. అలలు గోడ దాటి పడే నీరు, గోడ కింద ఊట, వాన, ఆటు సమయంలో తూము తెరిస్తే బయటకు పోయే నీరు. నేను జమ, ఖర్చు వేశాను. రెండుసార్లు సరిచూశాను. నిల్వ నీటిని మూడు వీధుల నేల మీద పరిస్తే జానెడు ఎత్తు. గడపలన్నీ మూరెడు ఎత్తున కట్టాలని చట్టం. ఎవరినీ కదిలించనక్కర్లేదని రాశాను.

నాంచారమ్మ మూడు వీధులూ ఖాళీ చేయించాలని రాసింది.

జవాబులు కలవనప్పుడు తగువు జరుగుతుంది. గోడ మీద పాక వేసి పరీక్షకులు ముగ్గురూ నోరు మూసుకుని కూర్చుంటారు. జంట వాళ్ళ ఎదురుగా పోట్లాడాలి. ఒక్కటే నియమం. ముందు ఎదుటివారి జవాబును ఎదుటివారి తరఫున చెప్పాలి. 'అవును, నేనన్నది అదే' అని వాళ్ళు ఒప్పుకున్న తరువాతే కాదనే హక్కు వస్తుంది. పోటు ఎక్కటం మొదలయ్యేలోగా తేల్చాలి.

నాంచారమ్మ నా జవాబు చెప్పింది. ఒక్కసారికే ఒప్పుకున్నాను. నా లెక్కను నాకన్నా బాగా చెప్పింది.

నేను ఆమెది చెప్పటం మొదలుపెట్టాను. "వచ్చిన నీరు ఎక్కువని నువ్వు..."

"కాదండీ. నేనన్నది అది కాదు."

"నేల పల్లమని నువ్వు..."

"అది కూడా కాదండీ మామ్మగారూ. వీధి వీధికీ వేరుగా చెప్పండి."

వాన పాకలోకి కొడుతోంది. ఆమె పలక చేతిలోకి తీసుకున్నాను. వీధి వీధికీ, గడప గడపకీ చదవటం మొదలుపెట్టాను. చదువుతూ ఉండగా నాకు తప్పు దొరికింది. గోడ దాటే నీటి అంకెలోనే ఊట కలిసి ఉందని మాకిచ్చిన రేకు అడుగున రాసి ఉంది. ఆమె మళ్ళీ ఊటను విడిగా కలిపింది. ఒకే నీరు రెండుసార్లు జమ. ముప్ఫై నాలుగేళ్ళు నేను పట్టుకున్నది ఇలాంటి తప్పులనే. వేలు పెట్టి చూపించాను.

నాంచారమ్మ ముఖం తెల్లబోయింది. పలక వైపు చూసింది, పరీక్షకుల వైపు చూసింది, నా వైపు చూసింది. పెదవులు కదిలాయి. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. 'సరేనండీ మామ్మగారూ, మీదే రైటు.' నిజం రాయాలి కనుక రాస్తున్నాను: నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. నా లెక్క సరైనదని నాకు ఏ కోశానా అనుమానం లేదు.

"రెండుసార్లు ఏసింది నిజమే" అంది. "తీసెయ్యండి. తీసేస్తే బడి వీధి, మసీదు వీధి కదిలించనక్కర్లేదు. ఒప్పుకుంటున్నాను. కానీ వలల వీధి సంగతేంటి?"

"అన్నిటికీ జానెడే."

"జానెడు మూడు వీధులకీ సమానంగా పంచారండీ మీరు. నీళ్ళు పంచుకోవు. వలల వీధి నేల కుంగింది. పోయినేడు వాళ్ళు గడపలు ఎత్తు చేసుకోలా, కొత్త వలలు కొనుక్కున్నారు. ఈ మూడు వీధుల్లో మీరు చెప్పిన జానెడు ఏ ఇంటి ముందుంది? ఒక్క ఇల్లు చూపించండి."

"సగటున..."

"సగటులో ఎవరు కాపురం ఉంటారండీ!" అని అరిచింది. పరీక్షకుల ఎదురుగా, నా మీద, చెయ్యి చూపిస్తూ. పక్క గది ఆయన కుర్రవాడు కూడా అంత గట్టిగా అరవడు.

నేను పలక కింద పెట్టి నా అంకెలు, ఆమె గడపలు పక్కపక్కన పెట్టుకున్నాను. నా నిల్వను తీసుకుని ఆమె పల్లాల్లో పోశాను. బడి వీధిలో బెత్తెడు. మసీదు వీధిలో నేల తడుస్తుంది, అంతే. మిగిలినదంతా వలల వీధిలోకి చేరింది. మోకాలి దాకా.

ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. ముప్ఫై నాలుగేళ్ళలో నేను సరిచూసిన గోడల లెక్కల్లో మొత్తాలన్నీ సరిపోయాయి. ఆ మొత్తాలు ఎవరి ఇంటి ముందు నిలిచాయో ఏనాడూ అడగలేదు.

"నువ్వు చెప్పింది: వలల వీధి పల్లం, నీరంతా అక్కడే చేరుతుంది, ఆ వీధిని కదిలించాలి" అన్నాను.

"అవునండీ. నేనన్నది అదే."

"కాదనటానికి నా దగ్గర ఏమీ లేదు."

పరీక్షకుల్లో పెద్దాయన గంట కొట్టాడు. కింద పడవలు కదిలాయి, ఒక్క వలల వీధికే. నాంచారమ్మ పాక గుంజ పట్టుకుని కూర్చుండిపోయింది. "మీ మీద అరిచానండీ" అంది.

"విన్నాను. ఇంకాస్త ముందే అరవాల్సింది" అన్నాను.

కార్తీక బహుళ విదియ

గాలివాన దాటింది. వలల వీధిలో నీరు మోకాలికి కొంచెం పైదాకా వచ్చింది. ఇళ్ళల్లో ఎవరూ లేరు. బడి వీధిలో గడపలు తడవలేదు. మసీదు వీధిలో పిల్లలు బురదలో ఆడుకున్నారట.

పట్టా ఇచ్చారు. ఒకే రేకు, రెండు పేర్లు. ముందు చిన్నవారి పేరు రాస్తారు. సంతకం హక్కు మొదట ఎక్కడ వాడతారని అడిగితే నాంచారమ్మ గవ్వలంక అని చెప్పి, నన్ను అడగకుండా నా తరఫున కూడా ఒప్పుకుంది. అడిగి ఉంటే ఆలోచించి చెబుతానని ఉండేదాన్ని.

అచ్చమ్మ ఫోను చేసి, "అమ్మమ్మా, ఫస్టు క్లాసా?" అంది. ఇక్కడ క్లాసులు ఇవ్వరని చెప్పాను. "అయితే సెకండు క్లాసన్నమాట" అని పెట్టేసింది.

ఒక్క విషయం తేలలేదు. మేము మోకాలి దాకా అన్నాం, నీరు నాలుగు వేళ్ళు ఎక్కువ వచ్చింది. గాలికి సముద్రం లేచి ఉండటం వల్ల ఆటులో తూము గుండా నీరు సరిగా పోలేదని నా అభిప్రాయం. కాదు, గోడే ఆ చోట కుంగి ఉంటుంది, అక్కడ నీరు ఎక్కువ దాటిందని నాంచారమ్మ అంటోంది. పొద్దున్నుంచి ఇదే. రెండు పలకలు నిండాయి. నాదే సరైన కారణమని నాకు గట్టి నమ్మకం. ఆ మాటే అన్నాను.

"అయితే కొలుద్దారండి" అని కొలత టేపు తీసుకుని గోడ మీదికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద చేపల కూర అలాగే వదిలేసింది.

కిటికీలోంచి కనబడుతోంది. టేపు ఒక కొస రాయి కింద పెట్టి, రెండో కొస పట్టుకుని పరుగెత్తుతోంది. గాలికి రాయి కింది కొస జారిపోతోంది. మళ్ళీ వెనక్కి వస్తోంది. రెండో కొస పట్టటానికి మనిషి కావాలి. కూర దించి వెళుతున్నాను.